సిల్కీ అని రాస్తే పోయిన బేరం: ఒక చీరల వ్యాపారికి ఇంగ్లీషు విశేషణాలు నేర్పిన కేసు

ధర్మవరంలో పుట్టి, పెళ్ళయ్యాక బెంగళూరు వచ్చి, ఇంట్లోనే పట్టుచీరలు పెట్టుకుని అమ్మే ఒకామె నిరుడు ఉగాది తర్వాత నా దగ్గర ఇంగ్లీషు నేర్చుకోవడానికి చేరింది. వయసు 34. ఇంటర్ వరకు తెలుగు మీడియం. రామమూర్తి నగర్‌లో మా ఇంటి ముందు గదిలో నేను పెద్దవాళ్ళకు స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులు చెబుతాను. వచ్చేవాళ్ళలో చాలామంది అనంతపురం, చిత్తూరు, కడప వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్ళే. పేరు లేకుండా రాయడానికి ఆమె ఒప్పుకుంది కాబట్టి ఈ కేసును ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు "ఇంగ్లీషులో నీకు ఎక్కడ కష్టంగా ఉంది?" అని అడిగాను. మాట్లాడటం దగ్గర అంటుందనుకున్నాను. ఆమె ఏమీ చెప్పకుండా ఫోన్ తీసి వాట్సాప్ చూపించింది. వైట్‌ఫీల్డ్‌లో ఉండే ఒక కస్టమర్‌కి చీర ఫోటో పంపి, కింద ఇలా రాసింది: "దిస్ ఈజ్ వెరీ ప్యూర్ సిల్కీ శారీ. గోల్డెన్ జరీ. ఓల్డ్ డిజైన్. ఫ్యూ కలర్స్ అవైలబుల్." దానికి వచ్చిన జవాబు: "నో థాంక్స్. ఐ వాంట్ రియల్ సిల్క్."

"ఏందక్కా ఇది? నేను రాసింది పట్టు అనే కదా! మా మామ మగ్గం మీద నేసిన చీర. ఇంతకన్నా రియల్ ఏముంటుంది?" అంది. గొంతులో కోపం కన్నా బాధ ఎక్కువగా ఉంది.

ఆ మెసేజ్ మళ్ళీ చదివాను. స్పెల్లింగ్ తప్పులు లేవు. రెండుచోట్ల చిన్న 'ఎ' పోయింది, అంతే. బేరం చెడగొట్టింది మాత్రం విశేషణాలు. వెరీ ప్యూర్, సిల్కీ, గోల్డెన్, ఓల్డ్, ఫ్యూ: అన్నీ డిక్షనరీలో ఉన్న మాటలే, అన్నీ తను అనుకున్నది కాక వేరే ఏదో చెబుతున్నాయి.

పట్టుచీర కొనేవాళ్ళు ముందు చేసే పని చీర మీద చెయ్యి వేసి చూడటం. తర్వాత కొంగు విప్పి వెలుతురులో పెడతారు. అంచు తిప్పి వెనకవైపు చూస్తారు. ఫోన్లో చీర అమ్మేటప్పుడు ఆ చేతికి పని లేదు. ఆ చెయ్యి చేసే పనంతా అమ్మేవాళ్ళు రాసే నాలుగు విశేషణాలే చెయ్యాలి. అందుకే ఈమెకు టెన్సులు, ప్రిపోజిషన్లు పక్కన పెట్టి, ముందు అడ్జెక్టివ్స్‌తోనే మొదలుపెట్టాలని ఆ రోజే నిర్ణయించుకున్నాను.

మొదటి రెండు వారాలు నేను చేసిన తప్పు

నిర్ణయం సరైనదే, మొదలుపెట్టిన తీరు మాత్రం తప్పు. నేను చదువుకున్నట్టే చెప్పాను. బోర్డు మీద వరసగా రాశాను: అడ్జెక్టివ్స్ ఆఫ్ క్వాలిటీ, క్వాంటిటీ, నంబర్, డిమాన్‌స్ట్రేటివ్, డిస్ట్రిబ్యూటివ్, ఇంటరాగేటివ్, పొసెసివ్, ఎంఫసైజింగ్. ఒక్కోదానికి రెండేసి ఉదాహరణలు. ఆమె రెండు రోజుల్లో అన్నీ అప్పజెప్పేసింది. ఏ వాక్యం ఇచ్చినా అడ్జెక్టివ్ కింద గీత గీసి, అది ఏ రకమో రాసేది. నాకు సంతోషం వేసింది.

రెండో వారం చివర్లో కొత్త మెసేజ్ చూపించింది. అందులో మళ్ళీ సిల్కీ ఉంది.

"ఎందుకు ఇలా రాశావు?" అని అడిగాను. ఆమె ఇచ్చిన జవాబును నేను ఇప్పటికీ ప్రతి బ్యాచ్‌లో చెబుతుంటాను. "సిల్క్ అనేది నౌన్ కదక్కా. శారీకి ముందు అడ్జెక్టివ్ రావల్ల కదా. రెయిన్‌కు రెయినీ, డస్ట్‌కు డస్టీ అన్నారు కదా బడిలో. అందుకే వై కలిపినా."

ఆమె తెలియక రాయలేదు. తెలిసిన రూల్‌ను నమ్మి, శ్రద్ధగా వాడి రాసింది. రకాల పేర్లు వందసార్లు అప్పజెప్పినా ఈ తప్పు పోదు, ఎందుకంటే ఈ తప్పు పేర్లలో లేదు. అప్పటినుంచి బోర్డు పక్కన పెట్టేశాను. ఆమె అంతకుముందు కస్టమర్లకు రాసిన 60 మెసేజ్‌లు కాగితం మీద ఎక్కించుకుని, పక్కన ఒక చీర పరుచుకుని కూర్చున్నాం. ఒక్కో విశేషణం దగ్గర ఆగి రెండే ప్రశ్నలు వేసుకున్నాం: ఈ మాట కొనేవాళ్ళ ఏ ప్రశ్నకు జవాబు? అదే మాటను తెలుగులో ఎలా అంటాం? వారానికి రెండు క్లాసుల చొప్పున 14 వారాలు ఇదే పద్ధతి.

పట్టుకీ పట్టులాంటిదానికీ తేడా

సిల్కీ అంటే పట్టులా మెత్తగా, మెరుస్తూ ఉండేది. జుట్టును సిల్కీ అంటారు. పాలిస్టర్ బట్టనూ సిల్కీ అంటారు. పట్టులా ఉందంటే పట్టు కాదన్న అనుమానం దాని వెనకే వస్తుంది. వైట్‌ఫీల్డ్ కస్టమర్ అలా అర్థం చేసుకోవడంలో ఆ కస్టమర్ తప్పేమీ లేదు.

మరి పట్టుతో చేసింది అని ఎలా చెప్పాలి? నౌన్‌ని ఉన్నదున్నట్టు ముందు పెట్టాలి: సిల్క్ శారీ. మనం తెలుగులో చేసేదీ అదే. పట్టు అనేది నామవాచకమే అయినా పట్టు చీర అంటాం. మట్టి కుండ, రాతి గోడ, వెండి గిన్నె, ఇవన్నీ ఈ దారిలోవే. ఇది చెప్పగానే "అంటే తెలుగులో ఎట్లుందో అట్లనే పెడితే సరిపాయ గదా!" అంది. చాలా చోట్ల అంతే. తెలుగు అడ్డం అని మనమే అనుకుని పక్కకు తోస్తుంటాం, నా అనుభవంలో అది చాలాసార్లు దారి చూపిస్తుంది.

ఇలా ముందు కూర్చున్న నౌన్‌ను బడి గ్రామర్ అడ్జెక్టివ్ కిందే లెక్కేస్తుంది. ఇప్పటి గ్రామర్ రాసేవాళ్ళు ఎక్కువగా నౌన్‌గానే ఉంచుతారు. ఆ గొడవ ఆమెకు అనవసరం, కానీ తేడా పట్టుకునే పరీక్ష ఒకటి అవసరం. ముందు 'వెరీ' పెట్టి చూడటం. వెరీ సాఫ్ట్ శారీ నిలబడుతుంది. వెరీ సిల్క్ శారీ నిలబడదు. తెలుగులోనూ చాలా మెత్తని చీర అంటాం, చాలా పట్టు చీర అనం. మెత్తదనానికి హెచ్చుతగ్గులు ఉంటాయి, పట్టు అయితే పట్టే, కాకపోతే కాదు.

అదే పరీక్ష 'వెరీ ప్యూర్' దగ్గర పనికొచ్చింది. పట్టు స్వచ్ఛమైనదే అయితే దానికి 'చాలా' ఎందుకు? ప్యూర్ సిల్క్ అన్నప్పుడు మధ్యలో తరగతులు లేవు. వెరీ అని చేర్చగానే, ఇందులో కొంచెం ప్యూర్, ఎక్కువ ప్యూర్ కూడా ఉంటాయేమో అని చదివేవాళ్ళకు అనుమానం వస్తుంది. గట్టిగా చెబుతున్నాను అనుకుని ఆమె మాట బలం తగ్గించింది. యూనిక్, పర్ఫెక్ట్ లాంటి మాటల దగ్గరా ఇలాగే జాగ్రత్తగా ఉండమని చెప్పాను.

నౌన్ ముందు నౌన్ పెడితే ప్రతిసారీ 'దానితో చేసింది' అని అర్థం రాదు. దీనికి ఉదాహరణ కోసం ఎక్కడికీ పోనక్కర్లేదు. బెంగళూరులో ఉన్నవాళ్ళందరూ ఏదో ఒక సాయంత్రం సిల్క్ బోర్డ్ జంక్షన్‌లో ఇరుక్కున్నవాళ్ళే. ఆ పేరు అక్కడున్న సెంట్రల్ సిల్క్ బోర్డ్ వల్ల వచ్చింది. 1948 చట్టంతో ఏర్పడిన కేంద్ర సంస్థ అది. సిల్క్ శారీ పట్టుతో చేసిన చీర, సిల్క్ బోర్డ్ పట్టు వ్యవహారాలు చూసే బోర్డు. ముందున్న మాట ఒకటే అయినా బంధం వేరు. ఆమె రోజూ ఆ పేరు వింటున్నా అందులో సిల్క్ ఉన్న సంగతి అప్పుడే గమనించానంది. అసలు పట్టుకు ఇచ్చే సిల్క్ మార్క్ గుర్తు 2004లో వచ్చింది, దాన్ని నడిపించే సంస్థ వెనక ఉన్నదీ ఈ బోర్డే. ఆ లేబుల్ మీద ఉన్నదీ సిల్కే, సిల్కీ కాదు.

గోల్డ్, గోల్డెన్ దగ్గర ఇంకొంచెం ఆగాల్సి వచ్చింది. వుడెన్ అంటే కొయ్యతో చేసింది. ఆ లెక్కన గోల్డెన్ అంటే బంగారంతో చేసింది అనుకోవాలి. వాడుకలో అలా లేదు. గోల్డెన్ అంటే ఎక్కువగా బంగారు రంగు. గోల్డ్ రింగ్ అంటే బంగారపు ఉంగరం. జరీ విషయంలో ఈ తేడా డబ్బుతో ముడిపడి ఉంది. అసలు జరీ అంటే పట్టుదారం మీద వెండి తీగ చుట్టి బంగారు పూత పూసినది. వ్యాపారంలో ప్యూర్ జరీ అంటారు. టెస్టెడ్ జరీలో వెండి బదులు రాగి తీగ ఉంటుంది, ధర బాగా తక్కువ. గోల్డెన్ జరీ అని రాస్తే రెండిట్లో ఏదీ చెప్పినట్టు కాదు, రంగు ఒక్కటే చెప్పినట్టు. ఇక ప్యూర్ జరీ, టెస్టెడ్ జరీ అనే రాయడం మొదలుపెట్టింది. టెస్టెడ్ అని బయటికి రాస్తే కొనరని ఎవరో భయపెట్టారట. "రాయకపోతే ఇంటికి పోయినాక తెలుస్తుంది గదక్కా, అప్పుడు ఇంకేం మొహం పెట్టుకుని మాట్లాడేది?" అని తనే అంది. నాకూ అదే సరైనదనిపించింది.

ఓల్డ్ డిజైన్ సంగతి తేలిగ్గా తేలింది. తెలుగులో పాత చీర వేరు, పాతకాలం చీర వేరు. పాత చీర అంటే కట్టి విడిచింది. ఓల్డ్ అన్నప్పుడు ఆ వాసన తగులుతుంది. ట్రెడిషనల్ డిజైన్ అనమన్నాను. లైట్ అన్న మాటకూ రెండు దారులున్నాయి. రంగు పక్కన ఉంటే లేత, విడిగా ఉంటే తేలిక. మనకు రెండు మాటలున్నచోట ఇంగ్లీషుకు ఒకటే ఉంది. బరువు చెప్పాలంటే లైట్‌వెయిట్ అంటే తగాదా ఉండదు.

వరసలో ఎవరు ముందు

ఒక మెసేజ్‌లో "సిల్క్ గ్రీన్ న్యూ బ్యూటిఫుల్ శారీ" అని ఉంది. ఇంగ్లీషులో విశేషణాలు వరసగా వస్తే వాటికి ఒక క్రమం ఉంటుంది: ముందు మన అభిప్రాయం, తర్వాత సైజు, కొత్తా పాతా, ఆకారం, రంగు, ఊరు, దేనితో చేసింది, చివర్లో దేనికోసం. బోర్డు మీద రాస్తే ఇదొక పెద్ద పట్టిక. ఆమెతో పట్టిక లేకుండా చేశాం. ఆ నాలుగు మాటల్నీ తెలుగులో చెప్పమన్నాను. తడుముకోకుండా "అందమైన కొత్త ఆకుపచ్చ పట్టు చీర" అంది. అంతే, బ్యూటిఫుల్ న్యూ గ్రీన్ సిల్క్ శారీ. మధ్యలో ధర్మవరం చేర్చమంటే రంగుకూ పట్టుకూ నడుమ సరిగ్గా కూర్చోబెట్టింది. పట్టు ఆకుపచ్చ చీర అంటే మన చెవికే ఎబ్బెట్టుగా ఉంటుంది. దేనితో చేసిందో చెప్పే మాట చీరకు ఆనుకుని ఉండాలి, మన మెచ్చుకోలు దూరంగా నిలబడాలి. ఈ పద్ధతి రెండు భాషల్లోనూ చాలావరకు ఒకటే. అయినా తప్పెందుకు వచ్చిందంటే, ఇంగ్లీషు రాసేటప్పుడు ఆమె గుర్తొచ్చిన మాటను గుర్తొచ్చినట్టు పెట్టేసేది.

తెలుగు నమ్మితే దెబ్బ తగిలే చోట్లూ ఉన్నాయి. ఆరు గజాల చీర అంటాం, గజాలు బహువచనం. అందుకని సిక్స్ యార్డ్స్ శారీ అని రాసేది. ఇంగ్లీషులో కొలత విశేషణంగా మారి ముందుకు రాగానే ఆ 'ఎస్' రాలిపోతుంది: ఎ సిక్స్-యార్డ్ శారీ. చీర తర్వాత వస్తే మళ్ళీ వచ్చి చేరుతుంది: ద శారీ ఈజ్ సిక్స్ యార్డ్స్ లాంగ్. పెద్ద పెద్ద బుటాలు అన్నట్టు బిగ్ బిగ్ బుటాస్ అనేది. మనం మాట రెట్టించి ఎన్నో ఉన్నాయనీ, ఒక్కోటీ పెద్దదనీ చెబుతాం. అక్కడ ఆ పని చివరి 'ఎస్' చేసేస్తుంది. రెండేసి చీరలకు టూ టూ శారీస్ అనడమూ ఇలాంటిదే. దానికి వాళ్ళ మాట ఈచ్.

కొంచెం ఉందా, పెద్దగా లేదా

ఈ భాగం మీద నాలుగు క్లాసులు పట్టింది, పట్టినందుకు బాధ లేదు.

ఆమెకు అంతకుముందు సంవత్సరం ఒక చీర వాపసు వచ్చింది. కొంగు దగ్గర చిన్న నేత లోపం ఉంది. దాచకుండా రాసింది: "దేర్ ఈజ్ లిటిల్ డ్యామేజ్ ఇన్ పల్లు." చీర అందుకున్న పెద్దావిడ ఫోన్ చేసి, "లిటిల్ డ్యామేజ్ అన్నావు కాబట్టి చెప్పుకోదగ్గది ఏమీ లేదనుకున్నాను" అందట. ఈమె కొంచెం డ్యామేజ్ ఉంది అని రాశాననుకుంది. దొంగతనం అంటగట్టినట్టు అనిపించి రెండు రోజులు అన్నం సయించలేదని నాకు చెప్పింది.

నిజానికి ఆ వాక్యంలో పోయింది ఒక్క 'ఎ'. లిటిల్, ఎ లిటిల్ మధ్య, ఫ్యూ, ఎ ఫ్యూ మధ్య తేడాను పుస్తకాలు నెగటివ్, పాజిటివ్ అని చెబుతాయి. నా విద్యార్థుల్లో ఎవరికీ అది ఎక్కలేదు. తెలుగులో ఇలా పెట్టాను:

ఎ లిటిల్ అంటే 'కొంచెం ఉంది'. లిటిల్ అంటే 'పెద్దగా లేదు'. ఎ ఫ్యూ అంటే 'కొన్ని ఉన్నాయి'. ఫ్యూ అంటే 'పెద్దగా లేవు'.

ఉన్న పరిమాణం ఒకటే కావచ్చు. ఒకటి ఉందనే వైపు నుంచి చూస్తుంది, ఇంకోటి లేదనే వైపు నుంచి. అప్పుడు వైట్‌ఫీల్డ్ మెసేజ్‌లోని ఫ్యూ కలర్స్ అవైలబుల్ అన్నది తెలుగులో ఎలా వినిపిస్తుందో తనే చెప్పింది: "రంగులు పెద్దగా లేవు!" చెప్పి తల పట్టుకుంది. ఇంగ్లీషు చదివేవాళ్ళందరూ ఇంత పట్టిపట్టి చదవరు, నిజమే. కానీ డబ్బు పెట్టి, చూడకుండా కొనేవాళ్ళు పట్టిపట్టే చదువుతారు.

ఇక్కడే ఇంకో ముడి ఉంది. ఫ్యూ, మెనీ లెక్కపెట్టే వాటికి, లిటిల్, మచ్ లెక్కపెట్టలేని వాటికి. దీన్ని కొత్తగా నేర్పనక్కర్లేదు, ఎన్ని, ఎంత అనే మాటల్లో మన దగ్గరే ఉంది. ఎన్ని చీరలు, ఎంత జరీ. మనుషులకైతే మనకు ఎంతమంది అని మూడోది కూడా ఉంది, ఇంగ్లీషుకు అది లేదు. ఇంత తేలికైన విషయంలోనూ ఆమె ఇంటికొచ్చిన కస్టమర్‌ను "ఫ్యూ వాటర్?" అని అడిగేది. కారణం వెతికితే తెలుగులోనే దొరికింది. మనకు నీళ్ళు, పాలు బహువచనాలు. కొన్ని నీళ్ళు పొయ్యి, కాసిని పాలు ఇవ్వు అంటాం. నీళ్ళు లెక్కపెట్టలేకపోయినా మన వ్యాకరణం వాటిని గుంపుగా చూస్తుంది. కొన్ని అనగానే ఫ్యూ నోటికొచ్చేస్తుంది. నేను ఇరవై ఏళ్ళుగా ఈ తప్పును దిద్దుతున్నాను కానీ, అది ఎక్కడి నుంచి వస్తుందో ఆమె వల్లే నాకు స్పష్టమైంది.

కంటే ఎక్కడ అతుక్కుంటుంది

పోలికల దగ్గర ఆమె రాసే తప్పు ఎప్పుడూ ఒకటే: "దిస్ శారీ ఈజ్ సాఫ్ట్ దాన్ దట్ శారీ." ఈ చీర ఆ చీరకంటే మెత్తన. తెలుగులో పోలిక భారమంతా 'కంటే' మోస్తుంది, అది నామవాచకానికి అతుక్కుని ఉంటుంది. మెత్తన అన్న మాట మారదు. ఇంగ్లీషులో రెండు చోట్ల గుర్తు పడాలి, విశేషణం మీద ఒకటి, 'దాన్' ఒకటి. ఆమె 'దాన్' పెట్టి పని అయిపోయిందనుకునేది.

ఇది చెప్పాక ఊహించినట్టే రెండోవైపు ఒరిగింది. మోర్ సాఫ్టర్, మోర్ బెటర్ మొదలయ్యాయి. చిన్న మాటకు తోక, పెద్ద మాటకు ముందు మోర్, రెండూ కలిపి ఎప్పుడూ కాదు: ఇంతకుమించి చెప్పలేదు. సాఫ్ట్‌కు సాఫ్టర్, హెవీకి హెవియర్, బ్యూటిఫుల్‌కు మోర్ బ్యూటిఫుల్. ఆమె రాసేముందు వేలితో బల్ల మీద కొట్టి మాట ఎన్ని దెబ్బలో చూసుకునేది. అన్నిటికన్నా అనాల్సినచోట దాన్ ఆల్ అనకుండా ద సాఫ్టెస్ట్ అనడం మాత్రం త్వరగానే వచ్చింది.

నేసిన చీర, నేసిన అమ్మ

ఎగ్జిబిషన్‌లో స్టాల్ కోసం ఒక అపార్ట్‌మెంట్ వాళ్ళకు రాసిన మెయిల్‌లో "ఐ యామ్ వెరీ ఇంట్రెస్టింగ్ ఇన్ స్టాల్" అని ఉంది. ఈ తప్పును క్లాసులో అందరూ నవ్వేసి వదిలేస్తారు, నవ్వితే పోదు. తెలుగువాళ్ళు దాదాపు అందరూ చేసే తప్పు ఇది. బోరింగ్, బోర్డ్, కన్‌ఫ్యూజింగ్, కన్‌ఫ్యూజ్డ్, టైరింగ్, టైర్డ్. క్రియ నుంచి పుట్టిన ఈ విశేషణాలకు దగ్గరివి మనకూ ఉన్నాయి: నేసిన, వచ్చే, చూడని. మరెందుకు ఇంత కష్టం?

నేసిన అన్న మాటను తీసుకుని ఆమెతో జతలు కట్టించాను. నేసిన చీర. నేసిన అమ్మ. నేసిన మగ్గం. నేసిన ఊరు. అన్నీ సరైన తెలుగే. చీర నేయబడింది, అమ్మ నేసింది, మగ్గం మీద నేశారు, ఊళ్ళో నేశారు. ఇన్ని రకాల బంధాలకూ మనకు ఒక్క నేసిన చాలు, ఎవరు చేశారో ఎవరికి జరిగిందో వినేవాళ్ళు సందర్భాన్ని బట్టి పట్టుకుంటారు. ఇంగ్లీషు అలా వదిలిపెట్టదు. పని ఎటు నుంచి ఎటు పోతోందో విశేషణంలోనే చెప్పమంటుంది. వోవెన్ శారీ నేయించుకున్నది. వీవింగ్ మదర్ నేస్తున్నది. మనసుకు సంబంధించిన మాటల్లో కూడా ఇదే లెక్క. ఆసక్తి పుట్టించేది ఇంట్రెస్టింగ్, ఆసక్తి పుట్టింది ఎవరిలోనో వాళ్ళు ఇంట్రెస్టెడ్. స్టాల్ ఇంట్రెస్టింగ్, ఆమె ఇంట్రెస్టెడ్.

పైగా మనం నాకు బోర్ కొట్టింది, నాకు ఇంట్రెస్ట్ ఉంది అంటాం. నేను అనే మాట కర్తగా రాదు, నాకు అనే రూపంలో పక్కన ఉంటుంది. ఐ యామ్ అని మొదలుపెట్టగానే ఆ 'నాకు' పోతుంది, దాంతో పాటు దిక్కూ తప్పుతుంది. ఇది అర్థమయ్యాక ఆమె పెట్టుకున్న గుర్తు: ఇచ్చేది 'ఇంగ్', పుచ్చుకునేది 'ఎడ్'. వోవెన్ లాంటివాటికి ఎడ్ ఉండదు కదా అని తనే సందేహం తెచ్చింది. రూపం వేరైనా స్థానం అదేనని చెప్పాను. హ్యాండ్‌వోవెన్ అన్న మాట తన ప్రతి మెసేజ్‌లోకీ ఆ వారమే వచ్చింది.

పడుగు (నిలువు దారాలు) ఒక రంగు, పేక (అడ్డ దారాలు) ఇంకో రంగు వేసి నేస్తే చీర కదిలినప్పుడల్లా రంగు మారినట్టు కనిపిస్తుంది. ధర్మవరం చీరలకు ఇది పేరు. దానికి ఇంగ్లీషులో షాట్ సిల్క్ అనే మాట ఉందని చెప్పినప్పుడు ఆమె కళ్ళు మెరిశాయి. ఇన్నాళ్ళూ డబుల్ కలర్ అని రాస్తే, కొంతమంది రెండు రంగుల చీరలు రెండు పంపుతారా అని అడిగేవారట.

మిగిలినవి

ఈ, ఆ దగ్గర దిస్ శారీస్ అనేది. తెలుగులో ఈ చీర, ఈ చీరలు రెండిటికీ ఈ ఒకటే కాబట్టి. దీజ్, దోజ్ రాతలో సర్దుకున్నాయి. కొన్నిటిలోంచి ఎంచుకోమంటే విచ్, ఏదైనా సరే అంటే వాట్: అరగంటలో అయిపోయింది.

మై, దిస్, ఫ్యూ లాంటివి అసలు అడ్జెక్టివ్సేనా అన్న ప్రశ్న ఉంది. బడి పుస్తకాలు అవునంటాయి. ఇప్పటి గ్రామర్లు వాటిని డిటర్మినర్స్ అని వేరు చేస్తాయి. పేరు ఏదైనా ఒకటే అని నేను చాలాకాలం అనుకున్నాను. ఆమె మై దిస్ శారీ అని రాసినప్పుడు అభిప్రాయం మార్చుకున్నాను. తెలుగులో నా ఈ చీర అంటాం, ఏ ఇబ్బందీ లేదు. ఇంగ్లీషులో ఆ చోటు ఒక్కరికే, మై కూర్చుంటే దిస్ కూర్చోలేదు. రెండూ కావాలంటే దిస్ శారీ ఆఫ్ మైన్ అనాలి. మామూలు విశేషణాలు ఎన్నైనా వరసగా నిలబడతాయి, ఇవి అలా నిలబడవు. అందుకే ఇప్పుడు మొదటి నుంచే వీటిని విడిగా చెబుతున్నాను.

శ్రావణం నాటికి

వరలక్ష్మీ వ్రతానికి ముందు చీరల బేరాలు బాగా ఉంటాయి. అప్పటికి 14 వారాలు పూర్తయ్యాయి. నేను చూడకుండా, తనంతట తనే రాసి పంపిన మెసేజ్‌లలో ఒకటి ఇక్కడ ఇస్తున్నాను:

"దిస్ ఈజ్ ఎ హ్యాండ్‌వోవెన్ ధర్మవరం సిల్క్ శారీ. ఇట్ ఈజ్ షాట్ సిల్క్, గ్రీన్ అండ్ రెడ్. ట్రెడిషనల్ బార్డర్ విత్ టెస్టెడ్ జరీ. ఇట్ ఈజ్ లైటర్ దాన్ ద శారీ యూ సా లాస్ట్ వీక్. దేర్ ఈజ్ ఎ లిటిల్ అన్‌ఈవెన్ వీవింగ్ నియర్ ద పల్లు. ఎ ఫ్యూ అదర్ కలర్స్ ఆర్ అవైలబుల్."

ఈ మెసేజ్ అందుకున్నామె జవాబులో ధర అడగలేదు. అన్‌ఈవెన్ అన్నచోట దగ్గరగా ఫోటో తీసి పంపమంది. ఈమె పంపింది. ఆదివారం ఇంటికొచ్చి చీర మీద చెయ్యి వేసి చూసి, ఆ చీరా ఇంకొకటీ తీసుకువెళ్ళింది.

అన్నీ కుదిరాయని చెప్పను. రాతలో పోలికలు సరిగ్గా ఉంటాయి, మాట్లాడే తొందరలో మోర్ బెటర్ ఇంకా వస్తుంది. ఫ్యూ వాటర్ కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది, అది నోటి అలవాటు, దానికి టైమ్ పడుతుంది. లిటిల్, ఎ లిటిల్ దగ్గర మాత్రం ఇప్పటికీ ఆగి, పెదాలు కదుపుతూ తెలుగులో ఒకసారి అనుకుని రాస్తుంది. ఆ ఆగడాన్ని మానిపించే ఉద్దేశం నాకు లేదు. దసరా తర్వాత మళ్ళీ కూర్చున్నాం. ఆ లిటిల్ ముందున్న 'ఎ' ఎప్పుడు ఉండాలి, ఎప్పుడు 'ద' కావాలి, ఎప్పుడు రెండూ వద్దు అన్నది ఇప్పుడు నడుస్తోంది. దానికి మాత్రం తెలుగులో ఆసరా ఇచ్చే మాట ఇంకా దొరకలేదు, ఇద్దరం వెతుకుతున్నాం.